తమ్ముడి ఎన్నికల లెక్క, నా చట్టజ్ఞానం

నా నోటి దురుసు వల్ల నేను పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి. రెండు ఉద్యోగాలు, ఒక అద్దె ఇల్లు, లెక్కలేనన్ని పెళ్లి పిలుపులు. అవన్నీ నావి కాబట్టి బెంగ లేదు. మా తమ్ముడిది ఒకటి పోగొట్టాను. దాని సంగతే ఇది.

ఎనభైల మొదట్లో తమ్ముడు ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు. తెల్లారకముందే అక్కడికొచ్చి చేపలు వేలం పాడుకునే ఆడవాళ్లకి నీడ లేదు, తాగడానికి కుళాయి లేదు. పదేళ్లు అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయి, అసెంబ్లీ ఎన్నికల్లో ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. వాడి ఎలక్షన్ ఏజెంటుని నేనే. బి.ఏ.లో పాలిటిక్స్ చదివాను, సీతమ్మధారలో ఒక హైస్కూల్లో సివిక్స్ చెబుతున్నాను. నాకంటే అర్హులెవరున్నారని నన్నడిగితే, ఎవరూ లేరని నేనే చెప్పాను.

డిపాజిట్ పోయింది. అయినా హార్బర్ పోలింగ్ బూత్‌లలో వాడు రెండో స్థానంలో ఉన్నాడు. పడవల వాళ్లు భుజం తట్టి, "ఈపాలికి గుర్తు తెలీలేదు బావా, వచ్చేపాలికి నువ్వే" అన్నారు. ఆ మాట పట్టుకుని వాడు బతికాడు. రాత్రి షిఫ్టు దిగి వచ్చి కూడా కుళాయి ఎక్కడ పెట్టించాలో నేల మీద సుద్దతో గీసి భార్యకు చూపించేవాడు.

వచ్చేసారి నిలబడాలంటే ఒకటే నియమం. ఫలితం ప్రకటించిన ముప్పై రోజుల్లోగా ఎన్నికల ఖర్చు లెక్క కలెక్టరేట్‌లో దాఖలు చెయ్యాలి. చెయ్యకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత. ఆ పని నేను మీదేసుకున్నాను.

లెక్క రాయడం ఒక్కపూట పని. కరపత్రాలు, మైకు, ఒక అద్దె రిక్షా, అంతే. కానీ నాకు అంతటితో తృప్తి ఎక్కడిది? డబ్బు ఎలా వచ్చిందో కూడా రాయాలనుకున్నాను. హార్బర్‌లో చందా అంటే నోట్లు కావు. ఒక్కో పడవ దిగినప్పుడు ఒక గంప చేపలు పక్కన పెట్టేవారు. దాన్ని వేలం వేసి, వచ్చింది తమ్ముడి చేతిలో పెట్టేవారు. వేలానికి రసీదు ఉండదు, నోటిమాటే. నేను వారం రోజులు స్టాంపుల ఇంకు డబ్బా పట్టుకుని జెట్టీ మీద తిరిగి, పాడుకున్న ఆడవాళ్లందరి చేతా వేలిముద్రలు వేయించాను. ఒకావిడ పొలుసు అంటుకున్న బొటనవేలు చూసుకుని, "ఏటమ్మా, సేప కొంటే ముద్దాయినా నాను?" అంది. ప్రజాస్వామ్యం గురించి ఆవిడకి పావుగంట చెప్పాను. ఆవిడ చేపలు మెత్తబడ్డాయి.

ఇవి చాలక లెక్కకు తొమ్మిది పేజీల ముందుమాట రాశాను. అందులో మన ఎన్నికల చట్టంలోని లొసుగులన్నీ ఎత్తి చూపాను. మా ఆయన ఉక్కు కర్మాగారం కట్టే చోట నుంచి దుమ్ము కొట్టుకుని వచ్చి, అది చదివి, "బాగుంది. లెక్క ఎక్కడుంది?" అన్నాడు.

అలా చెక్కుతూ చెక్కుతూ ఉంటే ముప్పయ్యో రోజు వచ్చింది. తమ్ముడు షిఫ్టు మార్చుకుని నాతో కలెక్టరేట్‌కి వచ్చాడు. వాణ్ణి బయట టీ బడ్డీ దగ్గర కూర్చోబెట్టి, లోపలికి నేనొక్కదాన్నే వెళ్లాను.

ఎన్నికల సెక్షన్ గుమాస్తా మంచివాడు. వేలిముద్రల కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేశాడు.

"ఇయ్యన్నీ ఏటమ్మా?"

"వచ్చిన డబ్బు. గంపల వారీగా."

"వచ్చింది ఎవులడిగారమ్మా? ఖర్సయింది సెప్తే సాలు. ఈ తొమ్మిది కాయితాలేటి?"

"ముందుమాట."

ఆయన నన్నొకసారి, కాగితాలనొకసారి చూసి, ముందుమాటను జాగ్రత్తగా నాకే తిరిగి ఇచ్చాడు. తరవాత అడుగున ఉన్న ప్రమాణపత్రం చూశాడు. దాని మీద నా సంతకం ఉంది.

"ఇది మీ తమ్ముడు పెట్టాలి కదమ్మా. పోటీ సేసినోడే ప్రమాణం సెయ్యాలి."

"చట్టంలో 'తానుగానీ, తన ఏజెంటుగానీ' అని ఉంది. చదువుకోండి."

"అది లెక్క రాసుకోడానికమ్మా. ప్రమాణానికి కాదు. మీ వాడు ఊళ్లో ఉన్నాడేటి?"

ఊళ్లో ఏమిటి, కిటికీలోంచి వీపు కనిపిస్తోంది. టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"ఉంటే పిలిసీండి. పక్కగదిలో ఆఫీసరుగారి ముందర సంతకం పెట్టీసి పోతాడు. అయిదు నిమసాల పని."

పిలవాలి కదా? పిలిస్తే నేను ఓడిపోయినట్టే. పదిహేనేళ్లుగా పిల్లలకి సివిక్స్ చెబుతున్న నేను, పదో తరగతి తప్పి వచ్చిన గుమాస్తా దగ్గర తప్పు ఒప్పుకోవడమా! (ఆయన డిగ్రీ పాసయ్యాడని తరవాత తెలిసింది. మార్కులు కూడా నాకంటే రెండు ఎక్కువే వచ్చుంటాయి.) "చట్టం పుస్తకం తెచ్చి చూపిస్తాను, ఉండండి" అని కాగితాలు చంకన పెట్టుకుని బయటికొచ్చాను.

"అయిపోనాదా అక్కా?"

"ఇంకా లేదు. వాళ్లకి ముందు చట్టం నేర్పాలి."

"నాను రానా లోపలికి?"

"నువ్వక్కర్లేదు. పద."

సిటీ బస్సులో సీతమ్మధార వెళ్లి, ట్రంకుపెట్టెలోంచి పుస్తకం తీసి, మళ్లీ సిటీ బస్సెక్కాం. దారిలో ఆ పేజీ తీశాను. గుమాస్తా చెప్పిందే నిజం. రెండుసార్లు చదివాను, మూడోసారి కళ్లజోడు తుడుచుకుని చదివాను. నిజమే. పక్కన తమ్ముడు కిటికీలోంచి చూస్తూ, "దొరికిందా అక్కా?" అన్నాడు. "ఆఁ" అన్నాను. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను.

మేం దిగేసరికి అయిదుంపావు. సెక్షన్‌కి తాళం.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు సంతకం పెట్టాడు. నిజంగా అయిదు నిమిషాలే పట్టింది. గుమాస్తా తేదీ ముద్ర వేస్తూ నావైపు చూడలేదు. అది ఆయన మర్యాద.

కొన్ని నెలలకు ఢిల్లీ నుంచి, ఎన్నికల కమిషన్ నోటీసు వచ్చింది. లెక్క ఆలస్యానికి తగిన కారణం ఇరవై రోజుల్లో చెప్పాలి. గుమాస్తా తమ్ముణ్ణి పక్కకి పిలిచి, "కామెర్లని రాసీండి బాబూ. డాక్టరు సర్టిఫికెట్టు పెట్టండి. ఇండిపెండెంట్లందరికీ ఇదే జబ్బు" అన్నాడట.

నేను ఒప్పుకోలేదు. "అబద్ధం రాయను."

"అలాగైతే నిజం రాసీ అక్కా. పిలిత్తే నాను పది అడుగుల్లో ఉన్నానని, నువ్వు పిలవలేదని రాసీ. మడిసన్నాక పొరపాటు జరుగుతాదని ఆల్లకి తెలీదేటి?"

వాడు నన్ను దెప్పడానికి అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. అబద్ధం రాయడానికి నా చదువు అడ్డొచ్చింది, నిజం రాయడానికి నా పరువు అడ్డొచ్చింది. చివరికి, 'ఏజెంటు' అన్న మాటను విశాలంగా అర్థం చేసుకోవాలంటూ పదకొండు పేజీలు ఇంగ్లీషులో రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఢిల్లీలో దాన్ని ఎవరైనా చదివి ఉంటే వారికి నా సానుభూతి. మూడేళ్ల అనర్హత ఉత్తర్వు మాత్రం ఒకే ఒక పేరాలో వచ్చింది.

నా కోపం గెలిచినాయన మీదికి మళ్లింది. మా వీధి గోడలన్నీ ఆయన బొమ్మలే, నెల్లాళ్లు ఆయన జీపులు మమ్మల్ని పడుకోనివ్వలేదు. ఎవరి లెక్కనైనా ఒక్క రూపాయి కట్టి చూడొచ్చని చట్టంలో ఉంది. ఈసారి సరిగ్గానే చదివాను. రూపాయి కట్టాను. లెక్క ముచ్చటగా ఉంది. ప్రతి ఖర్చుకీ నంబరేసిన బిల్లు, సరైన చోట సరైన సంతకం, పరిమితికి చాలా కింద మొత్తం. ఇరవైరెండో రోజునే ఇచ్చేశారు.

"జీపులేవి?" అన్నాను.

"పార్టీ పెట్టిన ఖర్సు ఇందులోకి రాదమ్మా. స్నేహితులు పెట్టిందీ రాదు. చట్టం మార్చి చాన్నాళ్లయింది" అన్నాడు గుమాస్తా.

అది మారిన సంగతి నాకు తెలియదు. అన్నేళ్లూ పిల్లలకి పాత చట్టమే చెప్పాను. వాళ్లకి మార్కులు కూడా వేశాను.

"అయితే స్నేహితులున్నవాడు ఎంతైనా ఖర్చు పెట్టొచ్చన్నమాట!"

"ఆయనకి స్నేహితులెక్కువమ్మా" అని, గుమాస్తా రిజిస్టరు మూసి మెల్లగా అన్నాడు, "మీ తమ్ముడికి మీరొక్కరే."

రూపాయి కట్టిన రసీదు మడిచి, లేచి వచ్చేశాను.

రెండేళ్లు తిరిగేసరికి సభ రద్దయి, మళ్లీ ఎన్నికలు వచ్చాయి. హార్బర్ వాళ్లు తమ్ముడి ఇంటికి వచ్చారు. వాడి మూడేళ్లు పూర్తి కాలేదు. "నేను నిలబడతాను" అన్నాను, ప్రాయశ్చిత్తంగా. గదిలో అందరూ ఒక్కసారి పైకప్పు కేసి చూశారు. చివరికి మా మరదల్ని నిలబెట్టారు. ఆవిడ ఎనిమిదో క్లాసు చదివి, రొయ్యలు వొలిచే షెడ్డులో పనిచేసేది.

"నువ్వు పోస్టర్ల జిగురు సూసుకో అక్కా. కాయితాలు మాత్రం ముట్టుకోకు" అన్నాడు తమ్ముడు నవ్వుతూనే.

మైదా కొని, ఉడికించి, బక్కెట్టు పట్టుకుని వెళ్లాను. మరదలు ఖర్చులు రాసుకునే రూళ్ల పుస్తకం తీసి, "వదినా, మైదా బిల్లేదీ?" అంది.

"రెండు కిలోల మైదాకి బిల్లేమిటే? చట్టంలో..." అని మొదలుపెట్టాను. ఎదురుగా తమ్ముడు తన పెళ్లాం పేరున్న పోస్టరు గోడకి అంటించి, ముడతల్లేకుండా అరచేత్తో రుద్దుతున్నాడు. అంచులు నాలుగూ ఒత్తాడు. ఒత్తినవే మళ్లీ ఒత్తాడు.

బక్కెట్టు కిందపెట్టి కొట్టుకు వెళ్లాను.

"బిల్లా? ఎవరి పేరు మీద రాయమంటారమ్మా?" అన్నాడు కొట్టాయన.

నోట్లోకి తమ్ముడి పేరే వచ్చింది. దాన్ని మింగి, మరదలి పేరు చెప్పాను.