మోకాలెత్తు మోళ్లు

కన్నవాళ్లు పెట్టిన పేరేదో కాగితాలకే తెలియాలి గానీ, ఊరందరికీ ఆమె పాలక్క. పెళ్లై వచ్చిన నాడు ఆ కొట్టం నిండా పశువులే. ట్రాక్టరు వచ్చి ఎద్దుల్ని తోలేసింది. బీడు కాస్తా ఇళ్ల స్థలాలైపోయేసరికి ఆవులూ వెళ్లిపోయాయి. మిగిలిందల్లా చూడిదైనా ఇంకా పాలిస్తున్న ఒక గేదె, ఎకరం వరి, మోకాళ్ల నొప్పులతో మంచం దిగని మొగుడు. గేదె పేడ పొలానికి, పొలం గడ్డి గేదెకి. ఏటా కోతయ్యాక వేసుకునే ఆ గడ్డివామే ఆమె ధైర్యం.

ఈసారి ఆ వాముకే ఎసరొచ్చింది. కోతకి పిలుద్దామని పద్నాలుగు ఇళ్లు తిరిగితే, అందరూ పట్నంలో మేడలు కట్టే పనికి పోయారని తెలిసింది. ఒక ముసలమ్మ మాత్రం వస్తానంది, అదీ నడుం సహకరిస్తే. ఇక కోత మిషనే గతి. ధాన్యం వరకూ దాని పని శుభ్రమే. గడ్డిని మాత్రం నమిలి, తన చక్రాల కిందే ఉమ్మి, తొక్కుకుంటూ పోతుంది. పశువులున్నవాళ్లకి కదా ఆ బాధ! ఊళ్లో పశువులెవరికున్నాయి గనక?

ఆకాశం చూస్తే నల్లగా ఉంది. మిషను డ్రైవరేమో రేపు కాలవ దాటి వెళ్లిపోతానన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాలక్క గట్టు మీద నిలబడి కాసేపు ఆలోచించి, మిషనుకి అడ్డంగా వెళ్లి చెయ్యెత్తింది.

"బాబూ, కత్తి పైకెత్తి కొయ్యి. మోకాలెత్తున మోళ్లు వదిలెయ్."

డ్రైవరు నవ్వాడు. "అదేంటమ్మా! అందరూ నేలకి ఆనించి కొయ్యమని నా ప్రాణం తీస్తుంటే?"

"వాళ్ల సంగతి నాకెందుకు? నువ్వు ఎత్తు."

కింద నిలిచిన గడ్డిని తర్వాత కొడవలితో తనే కోసుకుంటుంది. వాము సగానికి తగ్గితే తగ్గనీ, గేదె ఈనేదాకా లాక్కురావచ్చు. ఉపాయం తట్టినందుకు తనను తనే మెచ్చుకుంది. ఎవరికీ చెప్పలేదు, ముఖ్యంగా పక్క పొలం అన్నయ్యకి. వరసకే అన్నయ్య. మంచివాడే గానీ నోరు ఊరుకోదు. "ప్యాకెట్ పాలు గుమ్మంలోకి వస్తుంటే ఈ పేడ చాకిరీ ఎందుకు చెల్లెమ్మా?" అని దెప్పుతూనే, తన మనవరాలికి మాత్రం రోజూ ఈ గేదె పాలే క్యానులో పట్టుకెళతాడు. గడ్డిపరకల కోసం ఇన్ని తిప్పలని తెలిస్తే ఊరంతా చెప్పి నవ్వుతాడని ఆమె భయం.

రెండు రోజులు పచ్చి ధాన్యం ఆరబొయ్యడంతోనే సరిపోయింది. వస్తుందని హడలెత్తించిన వాన రాలేదు, ఎండ ఫెళ్లున కాసింది. వాన వచ్చినా బాగుండేది. మూడో రోజు పొద్దున్నే కొడవలి నూరుకుని పొలానికి వెళ్లింది.

పొలం నల్లగా ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకి బూడిదే. గట్టు మీద అన్నయ్య తలపాగా విప్పి మొహం తుడుచుకుంటున్నాడు.

"రా చెల్లెమ్మా! ఆ మిషనువాడు చూడు, ఆడమనిషివని ఎంత మోసం చేశాడో. పని ఎగ్గొట్టి మోకాలెత్తున వదిలేసి పోయాడు. నీకు దున్నించేటప్పుడు ఎంత కష్టం! నా మోళ్లు తగలబెడుతూ నీవి కూడా కాల్చేశాను. మొత్తం నున్నగా అయిపోయింది."

కనుబొమ్మలు కాలాయి పాపం, కళ్లు ఎర్రబడ్డాయి. తన కోసం పొగలో అంతసేపు నిలబడిన మనిషి మీద ఎలా అరవడం? అరవాలనే ఉంది. కొడవలిని కొంగు చాటున దాచుకుని, "పోన్లే అన్నయ్యా, శ్రమ పడ్డావు" అంది. ఇంటికొచ్చి గేదె మెడ పట్టుకుని ఏడ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, సంగతి విన్న మొగుడు మంచం మీద గొణిగాడు.

గట్లంట గడ్డి కోసుకుందామంటే వాటి మీదా కలుపు మందు కొట్టి మాడ్చేశారు. పక్క ఊళ్లకి వెళ్లి అడిగింది, అక్కడా మిషన్లే. పాత గడ్డి పన్నెండు రోజులొచ్చింది. పదమూడో రోజు మధ్యాహ్నం వ్యాను వచ్చింది. చూడి గేదె ఎక్కనంటే ఎక్కనంది. చివరికి పాలక్కే ముందు ఎక్కి పిలిస్తే, ఆమె వెనకాలే ఎక్కింది. అది గుర్తొస్తే ఆమెకి ఇప్పటికీ అన్నం దిగదు.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య క్యానుతో వచ్చి, ఖాళీ కొట్టం చూసి ఆగిపోయాడు.

"గేదేది?"

"అమ్మేశాం. మేత లేదు."

"మేత లేకపోవడమేంటి? నన్నొక్క మాట అడిగితే..."

"మోళ్లు వాడు వదిలెయ్యలేదన్నయ్యా. నేనే ఉంచమన్నాను, గేదె కోసం."

అన్నయ్య అరుగు మీద కూలబడ్డాడు. "ఆ రోజే నన్ను తిట్టకపోయావా చెల్లెమ్మా" అన్నాడు.

పాలక్క అలవాటు చొప్పున అతని చేతిలో క్యాను తీసుకుని శుభ్రంగా కడిగింది. కడిగాక, కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, ఖాళీదే తిరిగి ఇచ్చింది.