మంట పుట్టని చోటు

నా ఎడమ ముంజేతి మీద ఆ మచ్చ ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. ఆబిడ్స్‌లో ఒక చీరల షాపులో పని చేస్తాను. చీర భుజం మీద వేసుకుని చూపిస్తుంటే ఒకావిడ నా చేతి వైపు చూసి, తామరా అని అడిగి, పట్టుకున్న చీర వదిలేసింది. మచ్చ రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దది. పాలిపోయి, అంచున ఎర్రగా ఉంది. దురద లేదు. మర్నాటి నుంచి పొడుగు చేతుల జాకెట్టు వేసుకున్నాను.

మా అత్తగారు నాంపల్లిలోనే పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో ఎవరికి గజ్జి లేచినా, తామర పట్టినా ఆమె నూరిచ్చే లేపనమే మందు. నాకు మొదట వేపాకు, పసుపు పట్టించింది. తర్వాత సీమ అవిసాకు. రెండిటికీ తగ్గలేదు. చివరికి ఉస్మాన్‌గంజ్ మూలికల దుకాణం నుంచి చిత్రమూలం వేరు తెప్పించి నిమ్మరసంతో నూరింది. అది నిప్పులా మండుతుందని, ఎక్కువసేపు ఉంచితే బొబ్బలెక్కుతుందని ముందే చెప్పింది.

"మంట షురూ గాంగనే చెప్పు బిడ్డా, తుడిచేస్త."

మచ్చ దాటి కొంచెం పక్క చర్మానికి కూడా అంటింది. కాసేపటికి అక్కడ భగ్గుమంది. తుడవమన్నాను.

"మచ్చల మండుతున్నదా, పక్కకా?"

"పక్కనే అత్తయ్యా. మచ్చలో ఏమీ లేదు."

ఆమె మచ్చ నడుమ గోటితో గీరింది. చూస్తున్నాను కాబట్టి గీరుతోందని తెలుస్తోంది, అంతే. ఆమె మొహం పాలిపోయింది. గబగబా నా చేయి కడిగి, కొబ్బరినూనె రాసి లోపలికి వెళ్లిపోయింది.  సాయంత్రం మా పాప నా ఒళ్లోకి రాబోతే ఆమె దగ్గరకు పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పుడు నాకు భయం మొదలైంది. ఆ జబ్బు పేరు మనసులో కూడా అనుకోలేకపోయాను.

మర్నాడు పొద్దున మా ఆయన పనికి వెళ్లగానే ఆమె నన్ను సర్కారు దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరమ్మ కళ్లు మూసుకోమని, సన్నని దారంతో తాకిన చోటల్లా చెప్పమంది. చెబుతూ వచ్చాను. తర్వాత ఎంతసేపటికీ ఏమీ తగల్లేదు. అయిపోయిందేమోనని కళ్లు తెరిచాను. దారం ఇంకా నా మచ్చ మీదే ఉంది.

కుష్ఠు అని చెప్పింది. తొందరగానే వచ్చారని, ఆర్నెల్లు మాత్రలు వాడితే పోతుందని, మందు మొదలుపెడితే ఎవరికీ అంటదని చెప్పింది. ఇంట్లో అందర్నీ ఒకసారి చూపించమంది. నాకు ఆ చివరి మాటే వినబడింది. పాప చెంప మీద ఒక తెల్లమచ్చ ఉంది.

బయట మెట్ల దగ్గర అత్తగారు ఆగింది.

"మా చిన్నమ్మకు గిదే అయింది. గప్పుడు గూడ చిత్రమూలం పెడితే మండలే. ఇంట్లకెళ్లి బయటికి పంపిచ్చిన్రు. ఏడికి పోయిందో మాకెవ్వరు చెప్పలే."

నన్ను పుట్టింటికి పంపుతారా అని అడిగాను. 

"నువ్వేడికి పోతవ్? గోలీలు ఏస్కొని ఇంట్ల ఉండు. వానికి నేను చెప్త."

ఆమే చెప్పింది. ఆయన కొన్నాళ్లు ముందుగదిలో పడుకున్నారు. అత్తగారు కూడా మొదట్లో నా గ్లాసు వేరుగా పెట్టేది. నేను చూడలేదనుకుంది.

పాపను తీసుకెళ్లిన రోజు నేను డాక్టరు చేతినే చూస్తూ నిలబడ్డాను. దారం చెంపకు తగలగానే పాప చక్కిలిగిలి పెడుతోందని నవ్వింది. పిల్లలకు మామూలుగా వచ్చే పొడిమచ్చేనంది డాక్టరు. నేను పక్కనున్న బల్ల మీద కూర్చుని పాపను ఒళ్లోకి లాక్కున్నాను.

మందులు పూర్తయ్యాయి. మచ్చ చుట్టూ ఉన్న చర్మంలో కలిసిపోయింది. స్పర్శ మాత్రం సగమే తిరిగొచ్చింది. దవాఖానలో ఇక రానక్కర్లేదన్నారు. అయినా స్నానం చేసేటప్పుడు ఒళ్లంతా తడిమి చూసుకుంటాను. షాపులో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఎవరైనా చనువుగా ఎడమ చేయి పట్టుకుంటే మెల్లగా విడిపించుకుంటాను.