నాన్న పిక్క మీది నల్ల ముద్ర

నిన్న అనంతగిరి కొండ ఎక్కి, సైకిలు ఆపి కాలు కింద పెట్టగానే, కుడి పిక్కకు చైను తాకి రంపపు పళ్ళలాంటి నల్లటి ముద్ర పడింది. ఆ గ్రీజు వాసనకు పంజాగుట్ట ఫ్లైఓవర్ గుర్తొచ్చింది.

ఆదివారం చర్చికి ముందు, తెల్లవారగానే నాన్న ఆ ఫ్లైఓవర్‌నే కొండనుకుని ఎక్కేవాడు. వెనకాల నా చిన్న సైకిలు. అమీర్‌పేటలో ఇల్లు చేరగానే తాత ముందుగా నాన్న పిక్క మీది గ్రీజు ముద్ర చూసేవాడు. వయసులో ఆయనా సైకిలు పందేల్లో కప్పులు గెలిచినవాడే.

"గిది మనింటి ముద్ర బిడ్డా, నాకు సుత ఉండె," అని మురిసిపోయేవాడు.

అది గెలిచినవాళ్ళకు వేసే ముద్రనుకున్నాను. ఒకసారి అమ్మ కాటుకతో నా పిక్క మీదా గీసుకుని, గౌను కొంచెం ఎత్తి పట్టుకుని చర్చిలోకి నడిచాను.

"ఏందే గా నల్లది?" అంది అమ్మ.

"నేను సుత గుట్టెక్కిన!"

నిన్న మా సైకిలు జట్టులోని పెద్దాయన నా కాలు చూసి నవ్వాడు. "గది కొత్తగ తొక్కేటోళ్లకు పడ్తది చెల్లె. ఆగి కాలు కింద పెడితెనే చైను తాకుతది."

నాన్న కొత్తవాడు కాదు. ప్రతి ఆదివారం ఫ్లైఓవర్ పైన ఆగి, కాలు కింద పెట్టి, నేను ఎక్కి వచ్చేదాకా వెనక్కి చూస్తూ నిలబడేవాడు. నాన్న చిన్నప్పుడు తన కోసం తాతా అలాగే ఆగి ఉంటాడు.

ముద్ర తుడవకుండానే కొండ దిగాను.