పెరట్లో పడ్డ వాన

మయోర్కా దీవిలో తెల్లారగానే అపొలోనియా చేసే మొదటి పని, నడుం పట్టుకుని స్టూలెక్కి, దూలానికి వేలాడే టమాటా దండలను ఒక్కో కాయా తడమడం. చలికాలమంతా రొట్టె మీద రుద్దుకోవాల్సిన కాయలవి. మెత్తబడ్డదాన్ని తెంపి గిన్నెలో వేస్తుంది, మెల్లగా దిగి, కారిన రసాన్ని నేల మీంచి తుడుస్తుంది. ఏటా క్రిస్మస్ దాటాక గానీ అవసరంపడని ఆ గుడ్డ ఈసారి నవంబరులోనే చేతికొచ్చింది. నీళ్లు ఎరగని మొక్క కాయే నిలవుంటుంది. ఆగస్టులో ఆమె మోకాళ్ల నొప్పులతో మంచం పడితే, వాడిన మొక్కలను చూడలేక మొగుడు మాకియా బకెట్లతో నీళ్లు పోశాడు. ఆ సంగతి అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఇవాళ పక్కింటి కొలోమా వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది. "ఇవి టమాటాలా, నీటి బుడగలా? ఎవరే నీళ్లు పోసింది?"

"వాన పడిందే."

"ఆగస్టులోనా? ఊళ్లో చుక్క రాలలేదు!"

"మా పెరట్లో పడింది. నీకేం పోయింది?"

రొట్టె కోస్తున్న మాకియా చేతిలో కత్తి ఆగిపోయింది. కొలోమా వెళ్లాక అతను లేచొచ్చి, అపొలోనియా చేతిలోని గుడ్డ తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని నేల తుడవసాగాడు.

"ఆ వాన మళ్లీ పడదులే," అన్నాడు తలెత్తకుండా.

అపొలోనియా స్టూలు మీద కూలబడింది. "ఆ మూల కూడా తుడువయ్యా," అంది.