ఆ పొద్దుటి నీళ్ళు

మా తమ్ముణ్ణి ఆసుపత్రిలో అందరూ చుక్కలాయన అంటారు. కొత్తగా చేరినవాళ్ళు ఆ పేరు విని తాగుబోతేమో అనుకుంటారు. వాడికి సాయంత్రం టీ తాగితేనే నిద్ర పట్టదు, ఇక చుక్క ఒక్కటే తక్కువ.

డయాలసిస్ వార్డు వెనక నీళ్ళు శుద్ధి చేసే యంత్రాల గది వాడిది. పొద్దున్నే నీళ్ళను వడకట్టే పెద్ద బొగ్గు ట్యాంకు దాటి వచ్చే నీటిని చిన్న గాజు గ్లాసులో పట్టి, మందు చుక్కలు వేసి, తెల్ల కాగితం ముందు పెట్టి చూస్తాడు. తేటగా ఉంటే నర్సమ్మకు చెబుతాడు, అప్పుడే ఆవిడ రోగులను యంత్రాలకు కలుపుతుంది. గులాబి రంగు తేలితే నీళ్ళలో క్లోరిన్ మిగిలిందన్నమాట. కుళాయి నీళ్ళలో ఆ క్లోరిన్ మనం రోజూ తాగుతూనే ఉంటాం, ఏమీ కాదు. డయాలసిస్ యంత్రంలోకి వెళితే మాత్రం రక్తం పాడై ప్రాణం మీదికొస్తుంది.

వాడి పని పిచ్చి మా ఇంటి దాకా వచ్చేది. భోజనానికి కూర్చుని కూడా మంచినీళ్ళ గ్లాసు వెలుతురుకెత్తి చూసేవాడు. విషం పెట్టలేదు తాగరా అని నేను దెప్పేదాన్ని, మా మరదలు పడీపడీ నవ్వేది.

ఆ పిల్లకే కిడ్నీలు పాడయ్యాయి. మొగుడు నీళ్ళు చూసే వార్డులోనే, కిటికీ పక్క కుర్చీలో, రోజు విడిచి రోజు వచ్చి కూర్చునేది. నర్సమ్మ సూది పట్టుకునే ముందు ఈ పిల్ల మొగుడి వైపు తిరిగి, "చూశారా?" అని అడిగేది. "చూశాను" అని వాడు అనేవాడు. వార్డులో అందరికీ అదొక సరదా అయిపోయింది.

ఒకరోజు యంత్రం మీద ఉండగానే ఆమె గుండె ఆగిపోయింది. గుండె ముందునుంచీ బలహీనంగానే ఉందని డాక్టరు చెప్పాడు. అదే నీటితో అదే పూట డయాలసిస్ చేయించుకున్న మిగతావాళ్ళంతా తమ కాళ్ళ మీద తాము ఇళ్ళకు వెళ్ళారు. నీళ్ళు మంచివే అనడానికి అంతకంటే ఏం కావాలి? వాళ్ళ ఒళ్ళు తట్టుకుందేమో, ఆమె ఒళ్ళు తట్టుకోలేదేమో అని పట్టుకున్నాడు మావాడు.

వాడి బాధల్లా ఒక్కటే. ఆ పొద్దున ఆమె అడిగింది గుర్తుంది, తను చూశాననడం గుర్తుంది, చూడడం గుర్తు లేదు. తలుపుకు తాళం వేశామో లేదో అని సగం దారిలోంచి వెనక్కి రానివాళ్ళెవరు? రోజూ చేసే పని గుర్తుండదు. మనకైతే వెనక్కి వెళ్ళి తాళం లాగి చూసుకునే వీలుంటుంది.

పరీక్ష చేసే ముందే అదే నీటిని ఒక సీసాలో పట్టి, ఆ పూట ముగిసేదాకా అరమీద ఉంచి, తర్వాత పారబోయడం వాడి అలవాటు. ఆ రోజు సీసా పారబోసే తీరిక ఎవరికుంది? కర్మకాండలన్నీ అయ్యాక పనిలోకి వెళ్ళిన వాడికి అది అక్కడే కనిపించింది. ఇంటికి తెచ్చుకున్నాడు.

అది మొదలు ప్రతి సాయంత్రం ఇల్లు చేరగానే, మొహమైనా కడుక్కోకుండా, వంటింట్లో ఆ సీసాలోంచి కొంచెం నీరు వంచి చుక్కలు వేసేవాడు. తేటగానే ఉండేది. ఆ గ్లాసు చూస్తూ కూర్చునేవాడు. మర్నాడు మళ్ళీ అదే. నిలవ నీళ్ళలోంచి క్లోరిన్ నాలుగు రోజుల్లో ఎగిరిపోతుందని నాకు చెప్పిందే వాడు. ఇక ఆ సీసా ఏం సాక్ష్యం చెబుతుందిరా అని కోప్పడ్డాను. "తెలుసక్కా" అన్నాడు, గ్లాసు వంచుకుంటూ.

ఆసుపత్రిలో ఇంకా ఘోరం. పంపు ఆగినప్పుడల్లా ఆ గదిలో "చూశారా?" అని ఆమె గొంతు వినబడుతోందట. చూసిందే మళ్ళీ చూసేవాడు. రోగులు కుర్చీల్లో కూర్చుని ఎదురుచూస్తుంటే నర్సమ్మ నాకు ఫోన్ చేసి, ఇలాగైతే ఆయన్ని ఆ గదిలో ఉంచరమ్మా అని చెప్పింది. నాకు వాడి ఉద్యోగం మీద కాదు, వాడి ప్రాణం మీద బెంగ పట్టుకుంది.

ఆ ఇంట్లో వాడితో ఉన్నది వాళ్ళ అత్తగారు. ఒక్కగానొక్క కూతురు పోయింది, ఆవిడకు ఇంకెవరూ లేరు. అల్లుణ్ణి ఎప్పుడో ఒకరోజు శపించి వెళ్ళిపోతుందనుకున్నాను. ఆవిడ వెళ్ళలేదు, శపించలేదు, అసలు మాట్లాడేదే తక్కువ.

ఒక సాయంత్రం నేను కూర పట్టుకెళ్ళేసరికి వాడు చుక్కలు వేస్తున్నాడు. గ్లాసులో గులాబి రంగు తేలింది. లేతగానే, కానీ గులాబి రంగే.

వాడు నేల మీద కూలబడ్డాడు. "నేనేనక్కా. నేనే చంపాను" అన్నాడు. ఇన్నాళ్ళు నిలవున్న నీళ్ళకు రంగెలా వస్తుందని ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఆ పనంతా తెలిసినవాడు, వాడికీ తట్టలేదు. లేచి, పోలీసులకు చెప్పేస్తానంటూ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

అత్తగారు లోపలినుంచి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అవి నేను పోసిన నీళ్ళు నాయనా. సీసా అడుగంటుతుంటే భయమేసింది. అదైపోయిన రోజు నువ్వేమైపోతావో అని. రంగు తేలకుండా కాచి చల్లార్చినవి రోజూ కొంచెం పోస్తున్నాను. ఇవాళ గ్యాస్ అయిపోయింది. కుళాయి నీళ్ళు పట్టాను."

"ఎప్పట్నించి?" అన్నాడు వాడు.

"నువ్వు సీసా తెచ్చిన కొత్తలోనే మొదలుపెట్టాను."

అంటే ఆ పొద్దుటి నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. ఇన్ని నెలలుగా వాడు నిలదీసి అడుగుతున్నది ఆవిడ కాచిన నీళ్ళను. వాడు ముందు నవ్వాడు. తర్వాత చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు. భార్య పోయిన రోజున కూడా వాడు అలా ఏడవలేదు.

"అయితే ఆ రోజు నేను చూశానో లేదో ఇక ఎప్పటికీ తెలీదు అత్తయ్యా."

చూసే ఉంటావు అనబోయాను నేను. ఆవిడ ఆ మాట అనలేదు. పక్కన చతికిలబడి, "తెలీదు నాయనా. నాకూ తెలీదు. నీ మీద అనుమానముంటే ఈ ఇంట్లో మంచినీళ్ళు ముట్టేదాన్నా?" అంది. ఒక్క అబద్ధమాడితే ఆవిడ సొమ్మేం పోయిందని ఆ రాత్రంతా నాకు ఒళ్ళు మండింది. తెల్లారేసరికి అర్థమైంది. ఆ అబద్ధం నేను అప్పటికే చాలాసార్లు ఆడాను, వాడికది ఎక్కలేదు.

సీసా కడిగి బోర్లించారు. పంపు ఆగితే ఆ మాట ఇంకా వినబడుతుందని వాడంటాడు, అది పోయిందని నేను చెప్పను. కానీ ఇప్పుడు పొద్దున పరీక్ష ఒక్కసారే చేస్తాడు, గ్లాసు చేతిలో పట్టుకునే ఇంటికి ఫోన్ చేస్తాడు. ఒకసారి ఆ ఫోన్ వచ్చినప్పుడు నేనా ఇంట్లోనే ఉన్నాను. ఆవిడ పొయ్యి తగ్గించి ఫోనెత్తింది. ఆ తల్లిదీ కూతురిదీ ఒకటే గొంతు, ఫోన్లో అయితే అసలు తేడా తెలీదు.

"చూశావా?" అంది ఆవిడ.

"చూశాను" అన్నాడు మా తమ్ముడు.