ఒక్క సీటు రాసి బస్సు నింపిన పెద్దక్క

ఇంట్లో ఆరుగురు పిల్లల్లో మొదటిది కాబట్టి పెద్దక్క అయింది. ఆఫీసులో అందరికన్నా ముందు చేరింది కాబట్టి అక్కడా పెద్దక్కే. రేకుల కప్పు కింద నడిచే పల్లెటూరి బడిలో చదువుకుంది. లెక్కల్లో మొదటి స్థానం ఏ ఏడూ ఇంకొకరికి వదిలింది లేదు. ఇరవై దాటాక గాని కంప్యూటరు ముఖం చూడని మనిషి, బస్సు టికెట్ల వెబ్‌సైటు మొత్తాన్ని పంతొమ్మిదేళ్లలో ఒంటిచేత్తో నిలబెట్టింది.

నాలుగొందల పన్నెండు పేజీలు. మాటవరసకి చెప్పే అంకె కాదు. ఆమె టేబుల్ పక్కన గోడకి అంటించిన అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది. కొత్త పేజీ తయారైనప్పుడల్లా పాత అంకె కొట్టేసి పక్కన కొత్తది వేసేది. వరదలకి రోడ్లు తెగిన ఏడాది మూడొందల సర్వీసులకి ఒక్క పూటలో దారి మళ్లించిన పేజీ ఆమెదే. కళ్లు సరిగా కనపడనివాళ్ల కోసం పెద్దక్షరాల పేజీ చేసిందీ ఆమే, అదీ ఎవరూ అడక్కముందే.

అంత పేరున్న పేజీలకీ ఒక జబ్బుండేది. ప్రయాణికుడు ఫోనులో ఒక సీటు నొక్కితే, ఆ ఒక్క సీటు కోసం పేజీ మొత్తం మూటాముల్లె సర్దుకుని ఆఫీసు మెషీను దాకా వెళ్లి, అక్కడ మొదటినుంచి మళ్లీ తయారై తిరిగొచ్చేది. ఈలోపు తెరంతా తెల్లగా. మనిషి ఊరుకోడు కదా, పని చేయలేదేమోనని ఇంకోసారి నొక్కేవాడు. ఒక సీటు అడిగినవాడికి రెండు పడేవి. ఇక ఫిర్యాదులే ఫిర్యాదులు.

ఒకరోజు మేనేజరు పిలిచాడు.

"పెద్దక్కా, రవాణా ఆఫీసువాళ్లు కొత్త పద్ధతి కావాలంటున్నారు. తెరని ముక్కలుగా కట్టేది. నొక్కిన ముక్కే మారాలి, మిగతాది కదలకూడదట. సీట్ల తెర ఆరు వారాల్లో చేసి, ఆరో శుక్రవారం వాళ్ల ముందు నడిపి చూపించాలి. లేకపోతే పని బయటి కంపెనీకి వెళ్లిపోతుంది."

"మరి నేనో?"

"ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే సెక్షన్లో కుర్చీ ఒకటి ఖాళీ ఉంది."

"దాన్ని ఖాళీగానే ఉండనీ," అని లేచింది పెద్దక్క.

ఆ గదిలో కొత్త పద్ధతి తెలిసింది ఒక్కరికే. రెండేళ్ల కిందట వేరే ఆఫీసు నుంచి వచ్చిన ఆవిడ, పెద్దక్కకన్నా పదిహేనేళ్లు చిన్నది. పెద్దక్క ఆమెని చెల్లాయ్ అంటుంది.

"ముందు ఒక సీటు రాయక్కా," అంది చెల్లాయ్.

"బస్సులో నలభై రెండున్నాయి తల్లీ."

"నువ్వు రాయాల్సింది ఒకటే. దాన్నే నలభై రెండుసార్లు పిలుస్తాం."

పెద్దక్కకి నమ్మకం కుదరలేదు. పాత పేజీలో నలభై రెండు సీట్లనీ ఒకదాని కింద ఒకటి విడివిడిగా రాసింది మరి. సీటు మూల కాస్త గుండ్రంగా చేయమంటే ఒక పూట పట్టేది. సరే చూద్దామని ఒక సీటు రాసింది. దానికో నంబరు, ఒక రంగు, నొక్కితే కదలిక. అంతే. పిలవగానే నలభై రెండూ వరుసకట్టి నిలబడ్డాయి. సీటులో ఒకచోట రంగు మార్చింది. బస్సంతా నీలం. ఇంకోసారి మార్చింది. బస్సంతా పసుపు.

"అక్కా, టీ చల్లారిపోయింది."

"చల్లారనీ. ఇటు చూడు, ఇప్పుడు ఆకుపచ్చ."

ఆ సాయంత్రం ఇంటికి నడిచిందో ఎగిరిందో ఆమెకే తెలియదు. కుట్టుమిషను ముందున్న భర్తకి గుమ్మంలోంచే మొదలుపెట్టింది. ఆయన దర్జీ కాబట్టి విని తలూపాడు. "ఒకే కాలరు ఇరవై చొక్కాలకి వేసినట్టన్నమాట."

"కాదండీ. వేసిన తర్వాత కూడా ఇరవైకీ ఒక్కసారే రంగు మార్చినట్టు."

"అయితే నాకూ నేర్పు ఆ విద్య, కూర్చుని తింటాను."

ఇక పట్టపగ్గాల్లేవు. రెండో వారానికి తేదీల పెట్టె కట్టి మూడుచోట్ల వాడింది. మూడో వారానికి ఛార్జీ చూపే ముక్క, నాలుగో వారానికి ప్రయాణికుల పేర్ల ముక్క. ఐదో వారం సీటుకి రంగుతో పాటు గుర్తు కూడా పెట్టింది, రంగులు తేడా తెలియనివాళ్లు ఇబ్బంది పడకూడదని. చెల్లాయికి కూడా తట్టని సంగతి అది.

ఆరో బుధవారం అడ్డంకి వచ్చిపడింది. నాలుగు సీట్లు నొక్కితే పైన లెక్క మూడు చూపిస్తోంది. ఒకటి వద్దనుకుంటే లెక్క తగ్గింది గాని సీటు రంగు అలాగే ఉంది. వెతగ్గా వెతగ్గా దొరికింది. పంతొమ్మిదేళ్ల అలవాటు చేయించిన తప్పు. పాత పద్ధతిలో ఏ పేజీ జ్ఞాపకాల మూట ఆ పేజీదే. ఆ చేతివాటంతోనే ఇక్కడ ప్రతి సీటుకీ ఒక జ్ఞాపకం, లెక్కకి ఇంకో జ్ఞాపకం ఇచ్చేసింది. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు. తప్పు దొరికింది గాని దిద్దే దారి దొరకలేదు. చెల్లాయిని అడగడానికి నోరు రాలేదు. శుక్రవారానికి మధ్యలో ఒక్క రోజే.

ఇంటికి పోతూ పాలపేకెట్టు కొంది. వంటింట్లో చూస్తే అప్పటికే రెండున్నాయి, ఒకటి అత్తగారు తెచ్చింది, ఒకటి కూతురు తెచ్చింది. చూస్తుండగానే భర్త నాలుగోది పట్టుకుని లోపలికొచ్చాడు.

అత్తగారు తల పట్టుకుంది. "పాల సంగతి నాలుగు బుర్రల్లో ఉంటే ఇంతే అవుతుంది. ఒక్క బుర్రలో ఉండాలి. రేపట్నుంచి పాలు అయిపోతే నాకు చెప్పండి చాలు. ఎవరు తేవాలో నేను చెప్తాను."

పెద్దక్క పేకెట్టు చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. "అత్తయ్యా, ఇంకోసారి చెప్పండి."

"ఏం, కోపమొచ్చిందా?"

"లేదత్తయ్యా. మీరన్న మాట రేపు బస్సులో పెడతాను."

"బస్సులో పాలెందుకే?" అంది అత్తగారు.

గురువారం తొమ్మిదింటికి కూర్చుంది, మూడింటికి లేచింది. చెల్లాయ్ వచ్చి చూస్తే లెక్కా రంగూ కలిసి నడుస్తున్నాయి.

"ఏం చేశావక్కా?"

"సీట్లకి జ్ఞాపకం తీసేశాను. నొక్కితే బస్సుకి కబురు పంపుతాయి, బస్సు చెప్పిన రంగు వేసుకుంటాయి. ఏ సీటు పోయిందో గుర్తుండేది బస్సొక్కదానికే. పైన లెక్క కూడా బస్సునే అడుగుతుంది."

"ఇది తలకెక్కడానికి నాకు నాలుగు నెలలు పట్టింది."

"మీ ఇంట్లో పాలు తక్కువ వాడతారేమో."

శుక్రవారం ముగ్గురు అధికారులొచ్చారు. వాళ్లలో పెద్దాయన ఒకప్పుడు కండక్టరు. ఫోను అందుకుని వరసగా మూడు సీట్లు నొక్కాడు. తెర తెల్లబోలేదు. ఒకటి వద్దని మళ్లీ నొక్కాడు. రంగు పోయింది, లెక్క రెండుకి దిగింది. ఆయన మాత్రం మెచ్చుకోలేదు.

"వచ్చే నెల ముప్పై ఆరు సీట్ల బస్సులొస్తున్నాయి. ఇటు ఒకటి, అటు రెండు. వాటి తెర ఎప్పటికవుతుంది?"

మేనేజరు వేళ్లు మడిచి లెక్కేశాడు. పోయినసారి సీట్ల వరస మారితే తొమ్మిది రోజులు పట్టింది మరి. "ఒక రెండు వారాలు..." అని మొదలుపెట్టాడు.

"కూర్చోండి సార్," అంది పెద్దక్క. "టీ తాగండి, ఈలోపు అయిపోతుంది."

సీటు జోలికే పోలేదు. బస్సుకి మాత్రం చెప్పింది, పన్నెండు వరసలు, ఇటు ఒకటి, అటు రెండు అని. ముప్పై ఆరు సీట్లు వచ్చి కుదురుగా కూర్చున్నాయి. పెద్దాయన కప్పు సగంలోనే కింద పెట్టి ఐదు సీట్లు నొక్కాడు, రెండు వదిలాడు. లెక్క మూడు. ఇంకో ఫోనులో కూడా చూశాడు. అప్పుడు మేనేజరు వైపు తిరిగాడు.

"ఇంత చేయి తిరిగిన మనిషిని ఇంట్లో పెట్టుకుని బయటివాళ్లకి ఎందుకయ్యా? మిగతా తెరలు కూడా ఈవిడకే ఇవ్వు."

సోమవారం కొత్త తెర జనంలోకి వెళ్లింది. మధ్యాహ్నం దాకా ఒక్కరికీ రెండో సీటు పడలేదని ఫిర్యాదుల సెక్షన్ నుంచి కబురొచ్చాక, పెద్దక్క పాత సీట్ల పేజీని తన చేత్తోనే తీసేసింది. గోడమీది అట్టముక్క ముందు నిలబడి 412 కొట్టేసి పక్కన 411 వేసింది. పంతొమ్మిదేళ్లలో ఆ అంకె తగ్గడం అదే మొదలు.

"ఇంకా అన్ని ఉన్నాయా అక్కా?" అంది చెల్లాయ్.

"ఉన్నాయి. కుర్చీ ఇటు లాక్కో."