జమ్ము మడుగులో పిలిచిన పేరు

మొన్న మధ్యాహ్నం మా మనుమరాలు రెండు చేతులూ పిండిలో పెట్టుకొని, ముందుగదిలో ఉన్న మొగుణ్ణి పేరు పెట్టి కేకేసింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయట, వచ్చి ఆర్పమని. అంతకు మించి ఏమీ లేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆ పిల్ల పొద్దున లేచింది మొదలు ఆ పేరు పిలుస్తూనే ఉంటుంది, నేను వినడమూ కొత్త కాదు. కాని ఆనాటి కేకలో తొందరకు గొంతు సన్నగా పైకి లేచింది, అంతే, నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏమైంది అవ్వా అని పిల్ల పరుగెత్తుకొచ్చి నీళ్ళు తాగించింది గాని, ఏమైందో నేనేం చెప్పను? ఎప్పటి భయమో అది, నా పద్దెనిమిదో పంతొమ్మిదో ఏటి బుగులు, ఇంకా లోపలే ఉందని నాకే తెలియదు.

నా ఈడు ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. మనం మొగుడి పేరు నోట పలికిన వాళ్ళం కాము. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని చిన్ననాడే మన చెవుల్లో పోశారు. జనాభా లెక్కలాయన వచ్చి అడిగితే పక్కింటి పిల్లను పిలిచి చెప్పించిన వాళ్ళం, ఆయన పేరున్న దేవుడి గుడికి పోయినా ఆ దేవుణ్ణి 'స్వామీ' అని ఊరుకున్న వాళ్ళం. పిల్లలు పుట్టేదాకా మరీ కష్టం, ఎందుకంటే ఫలానా వాని బాపూ అని పిలిచే వీలు కూడా ఉండదు. ఇగో, అగో అనడం, లేకపోతే మరిదికో ఆడబిడ్డకో చెప్పి, మీ అన్నకు చెప్పు అనడం, అంతే మనకు తెలిసిన దారి.

పోలీసు చర్య ముగిసి, ఇంకా ఆంధ్రప్రదేశ్ ఏర్పడని రోజులవి. చెన్నూరుకు అవతల గోదావరి ఒడ్డు అడవిలో మా కాపురం. మా ఇంటాయన అడవిశాఖలో గార్డు, అప్పట్లో మేమంతా జంగ్లాత్ అనేవాళ్ళం. రెండు గదుల చౌకీ, ముందర ఒక పందిరి, అత్తా మామా, మరిది, మేమిద్దరం. సర్కారు అడవిలో కొంత భాగాన్ని షికారుకని విడిగా గుర్తుపెట్టి ఉంచేవారు. పర్మిట్టు తీసుకున్నవాళ్ళు ఎవరైనా వచ్చి వేటాడుకోవచ్చు. చలికాలం పడిందంటే హైదరాబాదు నుంచి జీపులు వచ్చేవి. వాళ్ళు రాకముందే దుప్పులు, కణుజులు ఎక్కడ పండుకుంటున్నాయో చూసి పెట్టడం గార్డు పని. పడకలు చూసి రావడం అనేవాళ్ళు దాన్ని, ఏదో పెళ్ళివారికి విడిది చూసి వచ్చినట్టు.

మా వైపు ఆ పడకలన్నీ జమ్ము మడుగులోనే. గోదావరి ఎప్పుడో దారి మార్చుకొని వదిలేసిన నేల అది, పేరుకు మడుగు గాని నిండుగా నీళ్ళుండవు, నడుముదాకా బురద, దాని మీద తుంగ, జమ్ము, మనిషి మునిగే ఎత్తున రెల్లు. మధ్యమధ్య పొడి దిబ్బలు. రాత్రంతా ఊళ్ళ మీదపడి జొన్నచేలు మేసిన దుప్పులు తెల్లవారినాక వచ్చి ఆ దిబ్బల మీద నడుం వాల్చేవి, చుట్టూ బురద ఉంటే చప్పుడు చేయకుండా ఎవరూ రాలేరని వాటికి తెలుసు. కాబట్టి అవి ఇంకా చేలల్లో ఉండగానే, వెలుతురు పడీ పడగానే మనిషి లోపలికి పోయి చూసి రావాలి. గాలి ఎదురుగా ఉండాలి, బీడీ ముట్టకూడదు, ఉమ్మి కూడా వేయకూడదు. పడక దగ్గర వంగి గడ్డి మీద అరచెయ్యి ఆనించి చూసేవారు. చల్లగా ఉంటే నిన్నటిది, వెచ్చగా ఉంటే జంతువు ఇప్పుడే లేచిపోయిందన్నట్టు. ఒంటరి పెద్ద పడకైతే మగది, పక్కపక్కన చిన్నవైతే పిల్లల తల్లులు. ఇవన్నీ ఆయన రాత్రి అన్నం తింటూ చెబుతుంటే నేను దీపం వైపు చూస్తూ వినేదాన్ని, ఎదురుగా ముఖం చూసేంత చనువు మాకింకా రాలేదు.

లోపలికి ఎప్పుడూ ఇద్దరు పోయేవారు, ఆయనా మరిదీ, చేతుల్లో పొడుగాటి వెదురుగడలతో. ఒకరు ఊబిలో దిగబడితే ఇంకొకరు లాగాలి కదా. మామ ఒడ్డున ఉన్న ఏరుమద్ది చెట్టెక్కి కూర్చునేవారు. పైనుంచి చూస్తే రెల్లు ఎక్కడ కదిలినా తెలుస్తుంది. ఆపద కనబడితే ఎవరి మీదికి వస్తున్నదో వాళ్ళ పేరు కేకేయాలి. పేరు వినబడ్డవాడు ఉన్నచోటనే ఆగిపోవాలి, రెండోవాడు వాడి దగ్గరికి పోవాలి. ఇదీ వాళ్ళ కట్టుబాటు. ఇంకే మాటా అరిచే పని లేదు. పులి అనే మాట అసలే అనకూడదు, అడవిలో దాని పేరెత్తితే తన్ను పిలిచారని వస్తుందంటారు. పెద్దది అనేవాళ్ళు, అదీ ఇంట్లో కూర్చుని, గొంతు తగ్గించి.

ఆ ఏడాది జీపులు రేపు వస్తాయనగా మామకు చలిజ్వరం పట్టుకుంది. మూడు గొంగళ్ళు కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి. చెట్టెక్కడానికి మనిషి లేడు. నేను తుంగచాపలు అల్లే ఇంటి పిల్లను, తుంగ కోయడానికి మా అవ్వ వెంట బురదలో తిరిగినదాన్ని, చెట్లెక్కడమూ వచ్చు, నేను పోతానని నోరు జారాను. అత్త వద్దనలేదు, ఔననలేదు. చప్పుడు కాకుండా గాజులు తీసి పొమ్మని మరిది అంటే మాత్రం వాడి నెత్తిన ఒకటి మొట్టి, తన పాత చీర చింపి నా రెండు చేతుల గాజుల మీద గట్టిగా చుట్టింది. చుడుతూ నా ముఖంలోకి చూడలేదు. అప్పటి నుంచే నాకు భయం మొదలైంది.

మంచు ఇంకా విడవలేదు. చెట్టు కింద ఆయన ఆగి, "గట్టిగ పట్టుకొని కూసో, బుగులు పడకు, మేం జరసేపట్ల వస్తం" అన్నారు. మా పెళ్ళయినాక పగటివేళ నలుగురి ముందు ఆయన నాతో అన్న మొదటి మాట అదే అనుకుంటాను, నలుగురంటే మరిది ఒక్కడే అనుకోండి. అన్నదమ్ములిద్దరూ రెల్లులోకి దిగారు, కాసేపటికి నాకు వాళ్ళ తలపాగలే కనిపించాయి, తర్వాత వెదురుగడల కొసలు మాత్రం. ఇద్దరూ ఒక దిబ్బకు చెరో పక్కగా విడిపోయారు.

అప్పుడు తట్టింది నాకు. ఆపద వస్తే పేరు పిలవాలి కదా, నేను పిలవలేను కదా. ఇంత చిన్న సంగతి ఇంట్లో ఎవరికీ తోచలేదు. మామ జ్వరంలో ఉన్నారు, అత్త గాజుల గురించే ఆలోచించింది, అన్నదమ్ములకు అలవాటైన పని, నాకేమో చెట్టెక్కుతానన్న సంబరం. కిందికి దిగి పిలుద్దామంటే వాళ్ళు దూరం పోయారు. ఏమీ రాకుండా చూడు తల్లీ అని పోచమ్మకు మొక్కుకుంటూ కొమ్మను కౌగిలించుకొని కూర్చున్నాను.

మడుగులో పక్షి కూత కూడా లేదు. పొద్దున్నే కొంగలు, నీటికోళ్ళు ఎంత గోల చేస్తాయి, ఆనాడు ఒక్కటీ లేదు. గాలి మడుగు మీదుగా నా ముఖానికి కొడుతోంది, రెల్లంతా నా వైపు వంగుతోంది. అంతలో అన్నదమ్ముల నడుమ ఒకచోట రెల్లు అడ్డంగా విడిపోయింది, మళ్ళీ కూడుకుంది. దుప్పి అనుకున్నాను. దుప్పి అయితే గడ్డి గబగబా కదులుతుంది, ఇది ఒక్కొక్క అడుగే, ఆగి ఆగి, ఆయనున్న వైపే పోతోంది. కాస్త పలచగా ఉన్నచోట పసుప్పచ్చని వీపు కనిపించింది. దాని మీద నల్లచారలు కూడా చూశాను. నా కింద కొమ్మ తడిసింది, చెప్పుకోడానికి ఈ వయసులో సిగ్గెందుకు.

ఆయన దిబ్బ అంచున వంగి ఉన్నారు. పడక మీద చెయ్యి ఆనించారు కాబోలు, వీపు మాత్రమే కనబడుతోంది. నేను నోరు తెరిచాను. ఆ ఘడియలో కూడా నా నోట వచ్చింది అలవాటైన మాటే. మరిదిని పేరు పెట్టి పిలిచి, "మీ అన్నను కదలొద్దను, మీ అన్నను కదలొద్దను!" అని అరిచాను.

ఎదురుగాలికి నా మాటలన్నీ వెనక్కే పోయాయి, ముందుగా నేను బలంగా అరిచిన మరిది పేరొక్కటే లోపలిదాకా చేరింది. కట్టుబాటు ప్రకారం మరిది ఉన్నచోట కొయ్యబారిపోయాడు. ఆయనేమో చటుక్కున లేచారు. తమ్ముడు ఊబిలో దిగాడనుకున్నారు పాపం, వెదురుగడ చంకన పెట్టుకొని తమ్ముడి వైపు అడ్డదారిన రెల్లులోకి దూరారు. ఇద్దరికీ నడుమ ఏముందో ఆయనకేం తెలుసు? అది ఆగిపోయింది. ఇప్పుడు అది ఆయన దగ్గరికి పోవలసిన పని లేదు, ఆయనే దాని దగ్గరికి పోతున్నారు, నేనే పంపించాను.

అప్పుడు పిలిచాను. అత్త నేర్పిందీ, అవ్వ నేర్పిందీ, ఆయుష్షూ పాపమూ ఏవీ గుర్తు రాలేదు. ఆయన పేరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరందాకా, గొంతు చీలిపోయేటట్టు పిలిచాను.

ఆయన ఆగారు. ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు, ఎత్తిన కాలు అక్కడే దించి నిటారుగా నిలబడి, తల తిప్పి నా చెట్టు వైపు చూశారు. ఆయనకు ఎదురుగా, వెదురుగడ చాపితే అందేంత దూరంలో రెల్లు విడిపోయి ఆ ముఖం బయటికి వచ్చింది. ఎంతసేపు అలా ఉన్నారో నేను చెప్పలేను, నాకది ఒక జన్మంత. కట్టుబాటు ప్రకారం మరిది అరుచుకుంటూ, గడతో నీళ్ళను బాదుకుంటూ అన్న వైపు వస్తున్నాడు. ఆ చప్పుడుకో, వంగని మనిషిని చూసో, అది ముఖం తిప్పుకొని గోదావరి వైపు వెళ్ళిపోయింది. పోతుంటే రెల్లు కదలడం చాలా దూరందాకా చూశాను.

నన్ను చెట్టు మీద నుంచి దించడానికి ఇద్దరూ పైకెక్కవలసి వచ్చింది, కొమ్మను పట్టుకున్న చేతులు విడవడం లేదు. దుప్పులు ఆనాడు ముందే వచ్చి పండుకున్నాయేమో, ఆ దిబ్బ మీద పడకలన్నీ వెచ్చగానే ఉన్నాయని, ఒక్క దుప్పీ లేదని, అన్నీ ఒక్కసారి లేచి పారిపోయినట్టు పెంటికలు చెల్లాచెదురుగా ఉన్నాయని ఆయన తర్వాత చెప్పారు. చెయ్యి ఆనించగానే అనుమానం వచ్చిందట, తల ఎత్తబోతుంటే నా కేక వినబడిందట. ఇంటికి పోయి చెబితే అత్త నెత్తి కొట్టుకుంది, పులి సంగతికి కాదు, పేరు సంగతికి. మామ గొంగళ్ళ కింద నుంచే, "ఊకోవే, పిలువకపోతే పేరే మిగులుతుండె, పిలగాడు మిగులకపోతుండె" అన్నారు. అయినా అత్త నా చేత పోచమ్మకు ఏడు వారాలు ఒక్కపొద్దు పట్టించింది. నేను కాదనలేదు, నాకూ అదే భయం.

పులి భయం ఆ చలికాలంతో పోయింది. ఈ భయం పోలేదు. ఆయన ఏ కాస్త దగ్గినా, చౌకీకి చీకటి పడి వచ్చినా, నేను పలికిన పేరే ఆయన్ని తినేస్తోందనుకొని లోలోపల చచ్చేదాన్ని. ఆయనకు మాత్రం అదొక వేళాకోళం. ముసలితనంలో కూడా పందిరి కింద కూర్చుని, "ఇంకోపారి పిలువరాదూ, ఇన బుద్ధయితుంది" అనేవారు. నేను మూతి తిప్పుకొని లోపలికి పోయేదాన్ని. మనుమలు, మునిమనుమలు పుట్టి, ఎనభై దాటి, పళ్ళన్నీ ఊడేదాకా ఉన్నారాయన. ఆయుష్షు తరిగిందని ఎవరంటారు?

పోయినేడు దవాఖానలో రెండు రోజులు కళ్ళు తెరవకుండా పడుకున్నప్పుడు, పేరు పెట్టి పిలిచి చూడండి, కొందరు పలుకుతారు అన్నాడు డాక్టరు. కొడుకులు బాపూ అన్నారు, బిడ్డలు బాపూ అన్నారు. వాళ్ళందరినీ పక్కకు జరగమని నేను చెవి దగ్గరికి వంగి, జన్మలో రెండోసారి, ఆయన పేరు పిలిచాను. పిలిస్తే ఆగాలని కదా కట్టుబాటు. ఈసారి ఆయన ఆగలేదు.

జమ్ము మడుగు ఇప్పుడు లేదు, బ్యారేజీ కట్టినాక అదంతా నీళ్ళ కిందికి పోయింది. దుప్పులు ఎక్కడ పండుకుంటున్నాయో నాకు తెలియదు, చూసి రమ్మని పంపేవాళ్ళూ లేరు, మంచిదే. మొగుణ్ణి పేరు పెట్టి పిలిస్తే ఏమవుతుందో మా మనుమరాలికి తెలియదు, అదీ మంచిదే, ఎంత హాయిగా పిలుస్తుందో, పాలకూ, ఉప్పుకూ, పోయిన దువ్వెనకూ. అతనూ ఫోనులోంచి తల ఎత్తకుండానే ఆఁ అంటాడు. కాని ఎప్పుడైనా ఆ పిల్ల పిలిచినాక ఆ ఆఁ కాస్త ఆలస్యమైతే, చేస్తున్న పని వదిలి నేనే గుమ్మం దాకా పోయి, అతను ఉన్నాడా అని చూసి వస్తాను.